స్లీపర్ల లెక్క

కాశీనగర్ అవతల ఆరు కిలోమీటర్లు నా బీటు.
స్లీపరుకో అడుగు వేస్తే నడక పొట్టి,
ఒకటి విడిచి వేస్తే పొడుగు.
ఇరవై రెండేళ్ళకి నా మోకాళ్ళు రాజీపడ్డాయి.
మొన్న మరదలి కూతురి పెళ్ళి ఊరేగింపులోనూ అలాగే నడిచానని
పిల్లలు నా వెనకాలే నడిచి చూపించి పడీపడీ నవ్వారు.

భుజాన సుత్తి, చేతిలో పానా.
సడలిన క్లిప్పు చప్పుడు వంద గజాల నుంచి పోల్చుకుంటాను.
ఆ తెల్లవారుజామున చప్పుడేం లేదు,
కట్ట అంచున నేల మాత్రం కుంగి ఉంది.
రైలు కుంగదీస్తే బారుగా కుంగుతుంది,
వాన కోస్తే వాలుగా కోస్తుంది.
ఇది గుండ్రం.
వేడి పెనం జాగ్రత్తగా దించి పెట్టినట్టు.

జునాస్ రైతా కొండ దిగి వచ్చాడు.
అడవిశాఖలో ఏనుగుల వెంట తిరిగే కూలీ, సవర మనిషి.
తలగుడ్డ విప్పి అచ్చు చుట్టూ పెట్టి,
ఆ కొలతని రెండుసార్లు నిలువుగా గాలిలోకి ఎత్తి,
"ఇంత ఎత్తుంటాది ముసల్ది" అన్నాడు.
తలెత్తి చూశాం.
అక్కడ ఆకాశమే ఉంది.

"ఎన్ని?"
"నాలుగు. ఒకటి పాలు మానలేదు."
"జాడ చూస్తే రెండింటిదే కదా?"
నవ్వాడు. "ముందుకాలు తీసిన గోతిలోనే
ఎనక్కాలు ఏస్తాది బాబూ.
రెండోసారి నేలని అడగదు."

చిన్నబండి రోజుల్లో, గేటు కాసిన తవుడు మావ చెప్పేవాడు,
అవి దాటుతుంటే డ్రైవరు దిగి చుట్ట ముట్టించుకునేవాడట.
చుట్ట అయ్యేసరికి ఆఖరి తోక కనపడేదట.
బ్రాడ్‌గేజీ వచ్చింది. చుట్ట పోయింది.
వాటి నడక మాత్రం ఇప్పటికీ
చుట్టంత పొడుగే.

ఆషాఢం రాత్రి, ఎదురుగా వచ్చాయి.
వాన వెలిసి వంశధార ఒక్కటే మాట్లాడుతోంది.
అంత బరువు వస్తుంటే చెవికి ముందు తెలియాలి కదా,
ముక్కుకి తెలిసింది:
నలిగిన పచ్చికొమ్మ, తడిసిన గోనెసంచి వాసన.
తర్వాత చీకట్లో ఒక ముక్క కదిలింది.

బురదలోంచి కాలు లేపుతుంటే పాదం ముడుచుకుంది,
దించుతుంటే పరుచుకుంది,
పిండిముద్ద మీద అరచెయ్యి వేసినట్టు.
మూడు కాళ్ళు నేలని పట్టుకుని ఉంటే
ఒక్కటి బయల్దేరుతోంది.
ఎవరికీ తొందర లేదు, పిల్లదానికి తప్ప.
దాని నాలుగడుగులు తల్లికి ఒకటి.

పట్టా దగ్గర ముసల్ది ఆగింది.
నేను చెవి ఆనించే చోట
అరికాలు ఆనించింది.
నాకింకా వినపడని గుణుపురం బండి
దానికి తెలిసినట్టుంది.
కాలు తీసింది. మళ్ళీ పెట్టింది.

అప్పుడు పరిగెత్తాను.
ఎర్రదీపం ఊపుకుంటూ, స్లీపరూ సందూ చూడకుండా,
ఇరవై రెండేళ్ళ లెక్క పోయి,
చెప్పు ఒకటి పోయి.

బండి ఆగింది. డ్రైవరు తిట్టాడు, చూశాక మానేశాడు.
ఇంజను లైటులో అవి ఒక్కొక్కటే దాటాయి.
పిల్లది పట్టాల మధ్య కూర్చోబోతే
తల్లి తొండంతో వెనక నుంచి ఒకటి తట్టింది.
భామిని చెరుకు వైపు దిగిపోయాయి.
రేపు అక్కడివాళ్ళు ఇటు తోలతారు,
ఎల్లుండి ఇక్కడివాళ్ళు అటు.
హద్దురాయి ఎక్కడుందో
జునాసుని అడిగినా చెప్పలేడు.

రిపోర్టులో, ఆలస్యానికి కారణం అనే గడిలో
అడ్డంకి అని రాసి, కొట్టేసి,
నడక అని రాశాను.
సెక్షన్ ఇంజనీరు పిలిపించాడు. అది వేరే కథ.

ఇప్పుడు ఆ చోట, రెండు స్లీపర్ల మధ్య,
ఎండిన లద్దెలోంచి పనస మొలక లేచింది.
మూడాకులు.
పట్టాల మధ్య మొక్క ఉండకూడదు, రూలు.
పార పట్టుకుని రోజూ వెళ్తున్నాను.
రోజూ అక్కడ
ఒక పొడుగు అడుగు వేస్తున్నాను.